సోనౌలీ గేటు దగ్గర వరిగడ్డి

2023 ఎండాకాలం. కోరుట్లలో జగిత్యాల రోడ్డు మీదున్న ఒక లారీ ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో నేను బుకింగ్ చూస్తున్నాను. బుకింగ్ అంటే కుర్చీలో కూర్చుని ఫోన్లు మాట్లాడటమే అనుకుంటారు చాలామంది. ఎవరి సరుకు ఎక్కడికి పోవాలి, ఏ లారీ ఖాళీగా ఉంది, ఆ డ్రైవర్ తాగుతాడా తాగడా, దారిలో ఏ చెక్‌పోస్టు దగ్గర ఏ కాగితం అడుగుతారు, తిరిగొచ్చేటప్పుడు ఆ లారీకి ఏ లోడు దొరుకుతుంది, ఇవన్నీ బుర్రలో తిరుగుతుంటాయి. మాది సిరిసిల్ల. మా నాన్న మరమగ్గం మీద పనిచేసేవాడు. పెళ్లయి కోరుట్లకు వచ్చాక ఈ పనిలో చేరాను. ఆడదానికి లారీ ఆఫీసులో ఏం పని అన్నవాళ్లు ఉన్నారు. వాళ్ల సరుకు కూడా నేనే పంపించాను.

మా దగ్గర నుంచి పసుపు పోతుంది, మక్కలు పోతాయి, సిరిసిల్ల బట్ట పోతుంది. ఎండాకాలం వచ్చిందంటే జగిత్యాల మామిడి నాగ్‌పూర్‌కు, ఢిల్లీకి పోతుంది. అన్నీ దేశం లోపలే. కోరుట్లలో విదేశం అంటే గల్ఫ్. అక్కడికి మనుషులు పోతారు, సరుకు పోదు. అందుకే ఆ రోజు మేడిపల్లి నుంచి షేర్ ఆటోలో వచ్చి, నా బల్ల ముందు నిలబడి నర్సవ్వ అడిగిన మాటకు నేను తలెత్తి చూశాను.

"సెల్లే, నీ దగ్గర నేపాల్‌కు వొయ్యే లారీ ఉంటదా?"

"ఇప్పటిదాక ఎవ్వలు అడగలేదక్కా. ఏం సరుకు?"

"మా మామిడికాయ. నా దగ్గర ఇంకేముంటది?"

కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చాను. కథంతా చెప్పింది. భర్త సత్తయ్య గౌడ్ ఒకప్పుడు కల్లు గీయడానికి తాళ్లెక్కేవాడు. మోకాలు పట్టేసి ఎక్కలేకపోయాక దుబాయ్ పోయాడు. అక్కడ కంపెనీ క్యాంపులో అతని గదిలో ఉండేది దిల్ బహదూర్ అనే నేపాలీ. ఒకరు అన్నం వండితే ఒకరు కూర వండేవాళ్లు. ఆ దిల్ బహదూర్ అన్న కృష్ణ బహదూర్‌కు ఖాట్మండులో పండ్ల వ్యాపారం. ఉత్తరాది మామిడి దిగకముందు తనకు మంచి కాయ దొరకడం లేదని ఆయన తమ్ముడితో అన్నాడట. మాట ఆ గదిలోంచి ఫోన్లో మేడిపల్లికి వచ్చింది.

"వీడియోల తోటంత జూపిచ్చిన. కాయ సైజెంత అనడిగితె పక్కన నా చెయ్యి వెట్టి జూపిచ్చిన. మస్తుంది, పంపు అన్నడు," అని చేయి చాచి నాకూ చూపించింది.

సముద్రం లేని తెలంగాణ నుంచి పోయినవాడు, సముద్రం లేని నేపాల్ నుంచి వచ్చినవాడు, ఎడారిలో ఒక గదిలో కలిసి మామిడి బేరం కుదిర్చారు. నాకు నవ్వొచ్చింది, ముచ్చటగా కూడా అనిపించింది. కానీ నర్సవ్వ నవ్వడం లేదు.

మా వైపు తోటలను పూత మీదనే గుత్తకిచ్చే రివాజు ఉంది. చెట్లకు పూత రాగానే గుత్తేదారు వచ్చి, తోటంతా ఒక చుట్టు తిరిగి, మొత్తంగా ఒక ధర చెప్పేస్తాడు. ఆ తర్వాత మందు కొట్టేదీ, కావలి ఉండేదీ, తెంపేదీ, అమ్ముకునేదీ అతనే. గాలివాన వస్తే నష్టం అతనిదే. కాయ విరగకాస్తే లాభమూ అతనిదే. ఏళ్ల తరబడి నర్సవ్వ తోట కూడా అట్లాగే పోయింది.

"చెట్టు నాది, నీళ్లు వెట్టుడు నాది. కాయ మాత్రం వానిది," అంది నర్సవ్వ. "గీసారి ఇయ్యనన్న. హోటల్ కాడ పదిమందిల అడిగిండు గుత్తేదారు. నువ్వెట్ల అమ్ముకుంటవ్, కాయ ఆగమైతె ఏడ్సుకుంట నా దగ్గరికే అస్తవ్ అన్నడు. నాకు సుర్రుమన్నది. కాయ ఆగమైతె ఐదేండ్లు గుత్త రాసిస్త పో అన్న."

"గట్లెందుకన్నవక్కా?"

"అన్న. నోరు జారింది. ఇగ ఎనుకకు తీస్కుంటె ఊరంత నవ్వుతది."

అంటే ఈ లోడు చెడిపోతే పోయేది ఒక పంట కాదు. ఐదేళ్లు ఆమె తోటలో ఆమె పరాయిది అవుతుంది. అది అర్థమయ్యాక నాకు భయం పట్టుకుంది. అయినా సరేనన్నాను. కొత్త దారి అంటే నాకు చిన్నప్పటి నుంచీ యావ.

జగిత్యాలలో ఒక రైతు సంఘానికి ఎగుమతి చేసే అనుమతి ఉంది. వాళ్ల పేరు మీద పంపడానికి ఒప్పుకున్నారు. పండ్లు దేశం దాటాలంటే ఫైటో సర్టిఫికెట్ కావాలి. ఈ కాయలో పురుగు లేదు, తెగులు లేదు అని ప్రభుత్వం తరఫున పరీక్ష చేసి ఇచ్చే కాగితం అది. దానికోసం హైదరాబాద్ పోయి వచ్చాం. సరిహద్దు దగ్గర ట్రాన్స్-షిప్‌మెంట్ అనుకున్నాం. అంటే మన లారీలోంచి దించి వాళ్ల లారీలోకి ఎక్కించడం. అక్కడి నుంచి ఖాట్మండుకు కొండల మీది దారి, ఆ మలుపులు అక్కడి డ్రైవర్లకే తెలుసు. కృష్ణ బహదూర్ లారీ పంపిస్తానన్నాడు. లారీకి నేను గౌస్ భాయ్‌ని పిలిచాను. కోరుట్ల మనిషి, సొంత బండి, తాగడు, దారిలో బండిని ఆపి వేరే లోడు ఎక్కించుకోడు. పైగా ఉర్దూ మాట్లాడతాడు, ఉత్తరాదిలో ఎక్కడైనా చెల్లుతుంది.

తెంపే రోజు నేను మేడిపల్లి పోయాను. కర్రకు వల కట్టిన చిక్కాలతో తొడిమె ఉంచి కాయ తెంపి, సొన కారిపోయేదాకా బోర్లించి, ప్లాస్టిక్ క్రేట్లలో పేరుస్తున్నారు. ప్రతి క్రేటు అడుగునా వరిగడ్డి, పైనా వరిగడ్డి. మా దగ్గర అట్లాగే చేస్తారు. గడ్డి లేకపోతే దారిలో కుదుపులకు కాయ కమిలిపోతుంది. నర్సవ్వ తన పొలంలోని కొత్త గడ్డి, పసుపుపచ్చగా మెరిసేది, ఏరి ఏరి పెట్టించింది. నేను చూశాను, గౌస్ భాయ్ చూశాడు, సంఘం వాళ్లు చూశారు. భలే పెట్టింది అనుకున్నాం. ఎవరికీ ఏ అనుమానమూ రాలేదు. ఎందుకంటే మా లెక్కలో గడ్డి సరుకు కాదు. లారీలో లోడు ఏంటి అంటే మామిడి అంటాం. గడ్డి అని ఎవరైనా అంటారా?

లారీ కదులుతుంటే నర్సవ్వ ప్రకటించింది. "నా కాయ ఏడికి వోతె నేను గాడికి వోత."

"నీకు హిందీ రాదు గదక్కా!"

"నువ్వున్నవ్ గద."

అట్లా నాకు తెలియకుండానే నా ప్రయాణం ఖాయమైంది. మా ఓనర్ గునిశాడు. కొత్త దారి, నేను దగ్గరుండి చూస్తే వచ్చే ఏడు ఇంకో పది లోడ్లు దొరుకుతాయి అని నచ్చజెప్పాను. రామగుండంలో రైలెక్కి గోరఖ్‌పూర్‌లో దిగాం. రైల్లో నర్సవ్వ ఒళ్లో ఒక గుడ్డ సంచి ఉంది. అందులో అదే రోజు తెంపిన కాయలు. గంటకోసారి సంచిలో చేయి పెట్టి, బొటనవేలితో తొడిమె దగ్గర నొక్కి చూస్తోంది.

"ఏం జేస్తున్నవక్కా?"

"లారీల కాయ ఎట్లుందో జూస్తున్న. గిది గట్టిగుంటె గది గట్టిగున్నట్టు."

నాకు ఆమె పద్ధతి నచ్చింది. మేం లారీకి జీపీఎస్ పెట్టుకుంటాం, అది లారీ ఎక్కడుందో చెబుతుంది. లోపల సరుకు ఎట్లా ఉందో చెప్పదు.

సోనౌలీ అంటే ఒక బజారు. ఆ బజారు చివర ఒక గేటు. గేటుకు ఇటు మన దేశం, అటు నేపాల్. మనుషులు సంచులు పట్టుకుని, సైకిళ్లు తోసుకుంటూ అటూ ఇటూ తిరుగుతూనే ఉంటారు. లారీలకు మాత్రం అట్లా కాదు. మైళ్ల కొద్దీ వరుస. పెట్రోలు ట్యాంకర్లు, సిమెంటు, కోల్‌కతా రేవులో దిగి సీలు వేసుకుని వచ్చిన కంటైనర్లు. ఇంజన్ ఆపేసి వంట చేసుకుంటున్న డ్రైవర్లు. గౌస్ భాయ్ మాకంటే ముందే వచ్చి వరుసలో నిలబడ్డాడు.

"జూసినవా బెహన్," అన్నాడు, "గీ దేశానికి సముద్రం లేదు. వాళ్లకు బియ్యం గావాలన్నా, మోటర్ గావాలన్నా, మందుగోలి గావాలన్నా గిట్ల గేటు దాటాల్సిందే. మనకు బొంబాయి రేవెట్లనో, వాళ్లకు గీ గేటు గట్ల."

మన వైపు కస్టమ్స్ పని సాఫీగా అయిపోయింది. గేటు దాటాం. కృష్ణ బహదూర్ పంపిన లారీ యార్డులో నిలబడి ఉంది. ఆ డ్రైవర్ నర్సవ్వకు నమస్కారం పెట్టాడు. ఇంక దించుడు, ఎక్కించుడే మిగిలింది అని నేను మా ఓనర్‌కు ఫోన్ కూడా చేశాను. అప్పుడు వచ్చాడు క్వారంటైన్ ఆఫీసర్. క్వారంటైన్ అంటే ఇక్కడ మనుషుల జబ్బుల సంగతి కాదు. దేశంలోకి వచ్చే మొక్కలు, పండ్లు, గింజల వెంట తెగుళ్లు రాకుండా చూసే శాఖ. వచ్చినతను సన్నగా, పొడుగ్గా ఉన్నాడు, ముప్పై ఐదేళ్లు ఉంటాయేమో. సర్టిఫికెట్ చదివాడు, తలూపాడు. టార్పాలిన్ ఎత్తించి ఒక క్రేటు దించమన్నాడు. కాయ చేతిలోకి తీసుకుని బాగుంది అన్నట్టు చూశాడు. తర్వాత దాని కింద ఉన్న గడ్డిని గుప్పెడు తీసి, అరచేతిలో పరిచి, వేలితో వెతికాడు. గడ్డిలోంచి ఒక వరి వెన్ను బయటికి తీశాడు. దానికి నాలుగైదు వడ్లు అంటుకుని ఉన్నాయి.

"ఇది ఏమిటి?" అని హిందీలో అడిగాడు.

"గడ్డి సార్. మామిడి కింద పెట్టింది," అన్నాను నేనూ హిందీలో.

"సర్టిఫికెట్ మామిడికి ఉంది. వరికి లేదు. ఈ లారీ లోపలికి పోదు."

నాకు ఒక్క క్షణం ఏం వినబడిందో అర్థం కాలేదు. అర్థమయ్యాక ముందు వెనక్కి తిప్పుదామనే అనుకున్నాను. వెనక్కి తీసుకుపోతామంటే మన వైపు కాగితాల్లో ఈ సరుకు అప్పటికే దేశం దాటిపోయింది. మళ్లీ లోపలికి రావాలంటే అది విదేశం నుంచి వచ్చే సరుకు, మొదటి నుంచి కాగితాలన్నీ కావాలి. ముందుకు పోనివ్వరు, వెనక్కి రానివ్వరు. మిట్ట మధ్యాహ్నం ఎండ నెత్తిన మండుతుంటే మా మామిడి ఏ దేశానికీ చెందకుండా నిలబడింది.

నర్సవ్వకు చెప్పాను. ఆమె నన్ను పక్కకు జరిపి నేరుగా ఆఫీసర్ ముందుకు పోయింది.

"సారూ, గడ్డి సరుకెట్లయితది? గడ్డి గడ్డే. కాయ జూడు, కాయ!" అంటూ తన సంచిలోంచి ఒక మామిడికాయ తీసి అతని ముందు పెట్టింది.

అతను ఆ కాయను చూశాడు. సంచిని చూశాడు. "ఇవి ఏ సర్టిఫికెట్ మీద వచ్చాయి?" అని నన్ను అడిగాడు.

భూమి చీలితే అందులోకి దూరిపోదామనిపించింది. ఇంత దూరం వచ్చి, ఆఫీసర్ కళ్ల ముందే సంచిలోంచి దొంగ సరుకు తీసి చూపించింది మా నర్సవ్వ. గౌస్ భాయ్ అటు తిరిగి దగ్గుతున్నాడు. అది దగ్గు కాదని నాకు తెలుసు.

ఆఫీసర్‌కు కూడా నవ్వొచ్చినట్టుంది, మీసం కదిలింది. సంచి తీసుకుపోయి గేటు అవతల పెట్టి రమ్మన్నాడు. నర్సవ్వ కదల్లేదు. అప్పుడతను గొంతు తగ్గించి నాతో చెప్పాడు. ఆమెకు చెప్పు అంటూ.

"మాదీ ఈ మైదాన ప్రాంతమే. మా ఇంట్లో వరి పండిస్తాం. నాకు మీ మామిడి మీద కోపం లేదు. ఈ గింజతో ఏ పురుగు గుడ్డు వస్తుందో, ఏ తెగులు వస్తుందో నాకు తెలియదు. దాన్ని ఎవరూ పరీక్షించలేదు. ఈ గడ్డిని దారిలోనో ఖాట్మండులోనో ఎక్కడో పారేస్తారు. ఆవు తింటుంది, వాన పడుతుంది, గింజ మొలుస్తుంది. తర్వాత మా ఊళ్లో వరి ఎండిపోతే ఎవరిని అడగాలి?"

నేను ఒక్కో మాటా తెలుగులో చెప్పాను. నర్సవ్వ ముఖం మారుతూ వచ్చింది. ఆ వెన్నును అతని చేతిలోంచి తీసుకుని, వడ్లను గోటితో నలిపి చూసింది.

"గట్లనా," అంది. "మొన్న మా పక్క పొలానికి దోమ తలిగింది. మూడు దినాలల్ల మాకొచ్చింది. ఎవడన్న తెగులున్న గడ్డి తెచ్చి నా ఒడ్డు మీద ఏస్తె నేనూకుంటనా? సంపుత. సార్‌కు జెప్పు సెల్లే, ఆయన జేసేది కరెక్టే అని."

నాకు కోపం, ఆశ్చర్యం రెండూ వచ్చాయి. "అక్కా, మన లారీ ఆపిండు! నువ్వు ఆయన దిక్కు మాట్లాడ్తున్నవేంది?"

"మరి? నిజం నిజమే గద. కాయకు ఒద్దంటలేడు, గడ్డికి ఒద్దంటున్నడు. గడ్డి తీసేద్దాం. అడుగు."

నేను అడిగాను. నా బుర్ర కూడా అప్పుడు పనిచేయడం మొదలైంది. ఎలాగూ ఈ లారీ నుంచి ఆ లారీకి మార్చాల్సిందే కదా, మారుస్తున్నప్పుడే ఒక్కో క్రేటూ విప్పి, గడ్డి మొత్తం తీసేసి, ఆయన ముందే కాల్చేసి, గడ్డి లేకుండా ఎక్కిస్తే? అతను ఆలోచించాడు. చేయొచ్చు, కానీ యార్డులో సరుకు విప్పడానికి పై అధికారి అనుమతి కావాలి, ఆయన ఇవాళ వేరే ఊళ్లో ఉన్నాడు, ఫోన్ చేస్తాను, రేపటికి రావచ్చు అన్నాడు. రావచ్చు అన్నాడు గానీ వస్తుంది అనలేదు.

ఆ సాయంత్రం నేను బతికినంత కాలం మర్చిపోను. గౌస్ భాయ్ టార్పాలిన్ అంచులన్నీ ఎత్తి కట్టి లోపలికి గాలి ఆడేలా చేశాడు. నీడ జరిగినప్పుడల్లా బండిని ఇంత ముందుకు, ఇంత వెనక్కి జరిపాడు. నర్సవ్వ తన సంచిని గేటు ఇవతల మన దేశంలో ఒక టీ కొట్టులో దాచింది. అరగంటకోసారి గేటు దాటి ఇటు రావడం, కాయ నొక్కి చూడటం, మళ్లీ అటు పోవడం. గేటు దగ్గరి పోలీసులు ఆమెను గుర్తుపట్టి సెల్యూట్ కొట్టడం మొదలుపెట్టారు.

చీకటి పడబోతుండగా టీ కొట్టు దగ్గర నన్ను పిలిచి ఒక కాయ నా చేతికిచ్చింది. తొడిమె దగ్గర వేలు కొంచెం దిగింది. ముక్కు దగ్గర పెట్టుకుంటే సన్నగా పండు వాసన.

"పండుడు షురువయింది," అంది. "రేపు గిన కాకపోతె, సెల్లే, నా తోట పాయె."

నేను ఆమె పక్కన కూర్చున్నాను. చేయి పట్టుకున్నాను. గౌస్ భాయ్ మూడు టీలు తెచ్చి బల్ల మీద పెట్టి, "పరేషాన్ గాకు అవ్వా. బంగినపల్లి తోలు మందం. నేను జూస్తలేనా, ఏండ్ల సంది మోస్తున్న," అన్నాడు. ఆయన ముఖంలో కూడా పరేషానీ కనబడుతూనే ఉంది.

పొద్దున యార్డు తెరిచేసరికి మేం గేటు ముందున్నాం. ఆఫీసర్ సైకిల్ దిగుతూ మమ్మల్ని చూసి తలూపాడు. అనుమతి వచ్చింది. నేను అక్కడే ఒక రాయి మీద కూర్చుండిపోయాను. నర్సవ్వ అప్పటికే కొంగు నడుముకు చుట్టేసింది.

ఇంకో చిక్కు ఉంది. గడ్డి తీసేస్తే కొండదారిలో కాయకు మెత్త ఏది? పాత పేపర్లు పెడదాం అన్నాడు గౌస్ భాయ్. సోనౌలీ బజారులో పాత పేపర్ల దుకాణం ఉంది, వెళ్లి తెస్తానని బయల్దేరాడు. ఆపాను. పేపర్ గేటు దాటాలంటే దానికి ఏం కాగితం అడుగుతారో అని ముందు ఆఫీసర్‌నే పోయి అడిగాను. ఈసారి అతను బాహాటంగా నవ్వాడు. పేపర్‌కు తన శాఖ నుంచి అభ్యంతరం లేదని, అయినా తమ వైపు బజారులోనే దొరుకుతుందని, అక్కడే కొంటే కస్టమ్స్ గొడవ కూడా ఉండదని చెప్పాడు. రిక్షా నిండా నేపాలీ పేపర్లు వచ్చాయి.

తర్వాత పని. గౌస్ భాయ్, నేపాలీ డ్రైవర్, యార్డు హమాలీలు క్రేట్లు దించుతుంటే నర్సవ్వ, నేను, అక్కడి ఇద్దరు ఆడ కూలీలు గడ్డి తీసి, కాయను ఒక్కొక్కటే గుడ్డతో తుడిచి, పేపర్ పరిచి మళ్లీ పేర్చాం. ఒక్క పోచ కూడా మిగలకూడదు. ఆ ఆడవాళ్లకు తెలుగు రాదు, నర్సవ్వకు వాళ్ల భాష రాదు. అయినా తొడిమె ఎటు పెట్టాలో, ఎంత ఒత్తుగా పేర్చాలో చేతులతో చూపిస్తే అర్థం చేసుకున్నారు. వాళ్లలో ఒకావిడ ఏదో అని నవ్వితే నర్సవ్వ కూడా ఏదో అని నవ్వింది. మధ్య మధ్యలో మెత్తబడ్డ కాయలు వస్తే పక్కన పెట్టాం. ప్రతి క్రేటు విప్పేటప్పుడు నేనే ముందు తొడిమె దగ్గర నొక్కి చూశాను. మెత్తబడ్డవి అనుకున్నన్ని లేవు. గాలి ఆడనివ్వడం వల్లో, తోలు మందం వల్లో, ఎక్కువ భాగం గట్టిగానే ఉన్నాయి.

గడ్డినంతా గుంటలో పోసి ఆఫీసర్ ముందు నిప్పంటించారు. నర్సవ్వ ఏరి ఏరి పెట్టిన బంగారం లాంటి గడ్డి. మండుతుంటే ఆమె ముఖం చూశాను, బాధపడుతుందేమోనని. "మంచిగ కాలుతున్నది. ఎండిన గడ్డి," అంది తృప్తిగా.

ఎక్కించడం అయిపోయాక మెత్తబడ్డ కాయల్లోంచి ఒక మంచి పండు ఏరి ఆఫీసర్‌కు ఇవ్వబోయింది. డ్యూటీలో తీసుకోనన్నాడు. ఆమె చిన్నబుచ్చుకుంది. అతను నాతో, "ఖాట్మండులో మా అక్క ఉంటుంది. బజారులో కొని తినమని ఫోన్ చేస్తానని చెప్పండి," అన్నాడు. అది చెప్పాక ఆమె ముఖం విప్పారింది.

లారీ కదిలిపోయింది. గౌస్ భాయ్ గోరఖ్‌పూర్‌లో తిరుగు లోడు చూసుకుని వెళ్లిపోయాడు. మేం రైలెక్కాం. కానీ పని పూర్తి కాలేదు, ఖాట్మండు చేరాలి. నర్సవ్వ ఫోన్ చేతిలోంచి దించలేదు. అడవుల్లో, గుట్టల్లో సిగ్నల్ పోయినప్పుడల్లా రైలును తిట్టింది. జబల్‌పూర్ దాటాక ఫోన్ మోగింది. ఆమె నా చేతిలో పెట్టేసి కళ్లు మూసుకుంది.

కృష్ణ బహదూర్ హిందీలో చెప్పాడు. సరుకు చేరింది. అడుగు వరుసలో కొన్ని కమిలాయి, మిగతావన్నీ బాగున్నాయి. కాయ కోసి పక్క దుకాణాల వాళ్లకు రుచి చూపించాను, వాళ్లూ కావాలంటున్నారు. వచ్చే ఏడు ముందే మాట్లాడుకుందాం. ఇంకో మాట కూడా అన్నాడు, క్రేట్లలో పేపర్ పెట్టడం బాగుంది అని.

నేను చెప్పేసరికి నర్సవ్వ రెండు చేతులూ ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఎదురు బెర్తులో పిల్లలతో కూర్చున్న ఒకావిడ కంగారుపడి ఏమైందని అడిగింది. ఏమీ కాలేదమ్మా, మామిడికాయలు చేరాయి అని చెప్పాను. ఆమె నన్ను వింతగా చూసింది. నాకూ కళ్లు చెమ్మగిల్లాయి. ఆ తర్వాత ఇద్దరం రొట్టె తిన్నాం. ఆకలి అవుతోందని అంతవరకు తెలియనేలేదు.

ఆ లోడు తర్వాత నా పని తీరు మారింది. ఇప్పుడు ఎవరు బుకింగ్‌కు వచ్చినా సరుకు ఏంటి అని అడిగి ఊరుకోను. సరుకు కింద ఏముంది, పైన ఏముంది, దేంతో కట్టారు, ఏ చెక్కతో పెట్టె చేశారు అని అడుగుతాను. చాదస్తం అంటారు, అననీ. మనకు లెక్కలోకి రానిది గేటు అవతలివాళ్లకు పెద్ద సంగతి కావచ్చు. రేవు లేని దేశానికి అన్నీ ఆ గేటులోంచే రావాలి, మంచీ రావాలి, చెడూ దానిలోంచే వస్తుంది. అక్కడ నిలబడి వద్దు అనేవాడు మన శత్రువు అనుకుని వాదానికి దిగితే లోడు అక్కడే కుళ్లిపోతుంది. ఆయన దేన్ని కాపాడుకుంటున్నాడో అడిగి తెలుసుకుంటే దారి దొరుకుతుంది. ఇన్నేళ్ల పనిలో నాకు ఆ సంగతి నర్సవ్వను చూశాకే తలకెక్కింది. ఇప్పుడు సిరిసిల్లలో బట్ట అంచుల నుంచి పోయే మెత్తటి పోగులు, మగ్గాల కింద పారేసేవి, తెప్పించి క్రేట్లలో పరుస్తున్నాం. దానికి కూడా ముందే ఫోన్ చేసి కనుక్కున్నాను.

మరుసటి ఏడాది పూత కాలంలో ఏదో పనిమీద మేడిపల్లి పోయి నర్సవ్వ తోటలో కూర్చుని ఉన్నాను. గుత్తేదారు మోటార్ సైకిల్ మీద వచ్చాడు. ఐదేళ్ల గుత్త పందెం మాట ఎత్తలేదు. పూత బాగుంది, ఈసారి కాత మస్తుంటది అని అటూ ఇటూ మాట్లాడి, చివరికి, "ఏమంటవ్ మరి నర్సవ్వా?" అన్నాడు.

నర్సవ్వ అతనికి చెంబుతో నీళ్లిచ్చింది. తాగేదాకా ఆగింది.

"కాయ తెంపేటప్పుడు మనుషులు సాలరు," అంది. "కూలికి అస్తవా?"